బౌట్స్ వేసిన గదిని అట్టతో కడుతున్నా: లూవెన్ సెయింట్ పీటర్స్ చర్చి ప్రాజెక్టు డైరీ

జనవరి, పండగ సెలవుల తర్వాత

పని ఏమిటో ముందే చెప్పేస్తాను. బెల్జియంలోని లూవెన్ ఊరి నడిబొడ్డున సెయింట్ పీటర్స్ చర్చి ఉంది. అందులో డీరిక్ బౌట్స్ అనే చిత్రకారుడు 1464, 1468 మధ్య వేసిన కడరా భోజనం (క్రీస్తు తన శిష్యులతో చేసిన చివరి భోజనం) చిత్రం ఉంది. ఆ చిత్రంలో కనిపించే గదిని ఫోమ్ బోర్డుతో, సన్న కర్రపుల్లలతో నిజంగా కట్టాలి. ముందున్న కన్నంలోంచి చూస్తే చిత్రం కనిపించినట్టే కనిపించాలి. పైకప్పు ఎత్తి చూస్తే ఆ గది అసలు ఏ ఆకారంలో ఉంటుందో తెలియాలి. ఈస్టర్‌కి ముందు వచ్చే పవిత్ర గురువారానికి ఇక్కడి తెలుగు కుటుంబాలం కలుస్తాం కాబట్టి అప్పటికి సిద్ధం చేయాలి.

గుంటూరు వైపు కాథలిక్ ఇళ్లలో పుట్టినవాళ్లకి ఈ పిచ్చి కొత్త కాదు. డిసెంబరు వచ్చిందంటే థర్మాకోలు, రంపంపొట్టు, ఎండుగడ్డి, సీరియల్ బల్బులు పోగేసి పశువుల పాక కట్టాల్సిందే. లూవెన్‌కి ఉద్యోగానికి వచ్చాక ఆ సరదా తగ్గింది కానీ చేతులకి అలవాటు పోలేదు.

ఈ చిత్రమే ఎందుకంటే, ఐదు వందల ఏళ్లు దాటినా అది ఏ గుడి కోసం వేశారో ఆ గుడిలోనే ఉంది. అంత పాత ఫ్లెమిష్ (ఈ ప్రాంతపు) చిత్రాల్లో చాలా భాగం మాడ్రిడ్, బెర్లిన్, లండన్ మ్యూజియాలకి వెళ్లిపోయాయి. ఇది మాత్రం మా ఇంటి నుంచి సైకిల్ మీద వెళ్లి చూసి వచ్చేంత దూరంలో ఉంది. అనుమానం వచ్చినప్పుడల్లా ఒరిజినల్ దగ్గరికి వెళ్లి తేల్చుకోవచ్చు.

జనవరి చివర: ఒప్పందం

కత్తెర పట్టుకునే ముందు కాస్త చదివాను. చిత్రం వేయించింది లూవెన్‌లోని దివ్యసత్ప్రసాద సభ, అంటే చర్చి పూజలో పంచే అప్పం (సత్ప్రసాదం) మీద భక్తితో ఏర్పడ్డ సంఘం. బౌట్స్‌తో వాళ్లు రాసుకున్న ఒప్పందం తేదీ 1464 మార్చి 15. మొత్తం కూలి 200 రైన్ గిల్డర్లు. ఈ పని పూర్తయ్యేదాకా బౌట్స్ వేరే పని ఒప్పుకోకూడదు. ఏ దృశ్యం ఎలా వేయాలో చెప్పడానికి యాన్ వారెనాకర్, హిల్లిస్ బైయువెల్ అనే ఇద్దరు వేదాంత శాస్త్ర ప్రొఫెసర్లని కూడా పెట్టారు. లూవెన్ విశ్వవిద్యాలయం 1425లో మొదలైంది కాబట్టి వాళ్లకి ప్రొఫెసర్ల కొరత లేదు. క్లయింటు, గడువు, పక్కన కూర్చుని రివ్యూ చేసే కన్సల్టెంట్లు: ఆఫీసులో మేం పడే టెన్షన్ బౌట్స్‌కీ తప్పలేదన్నమాట.

ఆ ఇద్దరి ప్రభావం చిత్రంలో స్పష్టంగా ఉంది. ఇటలీ చిత్రకారులు చాలామంది ఎంచుకున్నది "మీలో ఒకడు నన్ను అప్పగిస్తాడు" అని క్రీస్తు చెప్పిన క్షణాన్ని. అందుకే అక్కడ శిష్యులు ఉలిక్కిపడతారు, చేతులు గాల్లోకి లేస్తాయి. బౌట్స్ వేసింది అది కాదు. క్రీస్తు ఎడమ చేతిలో అప్పం, ముందు పాత్ర, కుడి చెయ్యి దీవిస్తూ పైకి లేచి ఉంది. పూజలో గురువు (చర్చి ఫాదర్) అప్పాన్ని ఎత్తి పట్టుకునే క్షణం అది. ఎవరూ అరవడం లేదు, ఎవరూ లేచి నిలబడలేదు. సత్ప్రసాద సభ డబ్బు పెట్టి వేయించుకుంది, వాళ్లకి కావలసింది అదే.

1468లో డబ్బు ముట్టినట్టు బౌట్స్ రాసిచ్చిన రసీదు కూడా ఉంది. చేసిన పనికి సరిగ్గా డబ్బందింది, తృప్తిగా ఉన్నాను అని అందులో సారాంశం. అదే ఏడాది ఆయన్ని లూవెన్ నగర చిత్రకారుడిగా పెట్టుకున్నారు.

ఫిబ్రవరి మొదట్లో: దారాలు

మధ్య పలక సుమారు 180 సెంటీమీటర్ల ఎత్తు, 150 వెడల్పు, ఓక్ చెక్క మీద తైలవర్ణం. దాని ఫోటోని మూడో వంతు సైజులో ప్రింటు తీయించి మెత్తటి బోర్డుకి అంటించాను. గుండుసూదులు, ఎర్ర కుట్టుదారం తెచ్చుకున్నాను.

పద్ధతి తేలికే. గదిలో లోపలికి వెళ్లే గీతలన్నీ, అంటే పైకప్పు దూలాలు, నేల పలకల అంచులు, కిటికీ గట్లు, నిజంగా ఒకదానికొకటి సమాంతరం. బొమ్మలో మాత్రం దూరంగా పోయే రైలు పట్టాల్లా ఒక చోట కలుస్తాయి. ఆ చోటే వానిషింగ్ పాయింట్. ఒక్కో దూలం అంచు మీద దారం బిగించి పొడిగించుకుంటూ పోవాలి.

ప్రధాన గది దారాలన్నీ క్రీస్తు తల పైన, వెనక గోడలోని పొయ్యి గూడు పైభాగం నడిమధ్యకి వచ్చి చేరాయి. పుస్తకాల్లో చదివిన విషయమే అయినా చేత్తో బిగించిన దారాలు ఒకే సూది దగ్గర గుమిగూడుతుంటే భలే సంతోషం వేసింది. ఆల్ప్స్‌కి ఉత్తరాన ఇలా ఒకే బిందువుకి గదిని కట్టిపడేసిన తొలి చిత్రాల్లో ఇదొకటి.

ఆ బిందువు ఎత్తు గురించి ఒక మాట. కూర్చున్న క్రీస్తు తలకి పైన అంటే దాదాపు నిలబడ్డ మనిషి కంటి ఎత్తు. చూసేవాళ్లని బౌట్స్ బల్ల దగ్గర కూర్చోబెట్టలేదు, నిలబెట్టాడు. అందుకే బల్ల మీద పళ్లేలు, రొట్టెలు, కత్తులు అన్నీ పైనుంచి చూసినట్టు విడివిడిగా కనిపిస్తాయి. వడ్డించడానికి వచ్చినవాడి చూపు అది. ఇది నా ఊహే, ప్రొఫెసర్లెవరూ చెప్పింది కాదు, కానీ మోడల్‌లో కన్నం ఎంత ఎత్తున పెట్టాలో దాంతోనే తేలిపోయింది.

తర్వాత లోతు. నేల పలకలు చదరం అనుకుంటే వాటి మూలల్ని కలిపే ఏటవాలు గీతలు కూడా అదే ఎత్తులో, పక్కకి ఎక్కడో కలవాలి. నడి బిందువు నుంచి ఆ చోటు ఎంత దూరమో, బొమ్మకి అంత దూరంలో మన కన్ను ఉండాలి. ఆ కొలత దొరికితే ఒక్కో వరుస పలకలు ఎంత లోతున ఉన్నాయో స్ప్రెడ్‌షీట్ చెప్పేస్తుంది. నాకు ఏటవాలు దారాలు పూర్తిగా ఒకే చోట కలవలేదు, కొద్దిగా చెదిరాయి. ప్రింటు సాగిందా, చెక్క వంగిందా, బౌట్స్ చేత్తో సర్దాడా అని తేల్చే ప్రయత్నం చేయకుండా సగటు తీసుకుని ముందుకి పోయాను.

ఫిబ్రవరి నడిమధ్య: పక్క గది

అసలు తలనొప్పి ఇక్కడ మొదలైంది. ప్రధాన గది పక్కన ఇంకో చిన్న భాగం కనిపిస్తుంది. దాని దారాలు బిగిస్తే అవి పొయ్యి గూడు వైపు రానే రావు. వాటి బిందువు వాటికి వేరుగా ఉంది. పోనీ కిటికీల్లోంచి కనిపించే బయటి దృశ్యమైనా ఈ రెంటిలో ఒకదాని ఎత్తుకి సరిపోతుందా అంటే అదీ లేదు. దాని దిగంతం దానిది. ఒకే చిత్రంలో మూడు చూపులు.

కళా చరిత్రకారులకి ఇది పాత సంగతే. కాగితం మీద చదివినప్పుడు "ఓహో" అనుకుని పేజీ తిప్పేస్తాం. అట్ట కోసి గోడ నిలబెట్టేటప్పుడు అలా కుదరదు. పక్క గది నేల ప్రధాన గది నేలతో కలవదు. కలిపితే ద్వారం వంకరపోతుంది, ద్వారం సరిచేస్తే గోడ ఏటవాలుగా నిలబడుతుంది.

రెండు దారులున్నాయి. పక్క గదిని నేనే "సరిచేసి" అన్నీ ఒకే కన్నంలోంచి కుదిరేలా కట్టడం ఒకటి. బౌట్స్ వేసినట్టే దాన్ని వేరే పెట్టెగా కట్టి, దానికి దాని కన్నం పెట్టడం రెండోది. ఆఫీసులో అడిగితే అందరూ మొదటిదే అన్నారు, ఇంజనీర్లు కదా. నేను రెండోదే తీసుకున్నాను. ఆయన లెక్క ఎక్కడ బిగించాడో, ఎక్కడ వదిలేశాడో చూపించడానికే ఇదంతా చేస్తున్నప్పుడు, వదిలేసిన చోటే నేను పూత పూస్తే ఇక చూపించడానికి ఏం మిగులుతుంది? అప్పం ఉన్న గదికి మాత్రం గీత అటూ ఇటూ పోలేదు. కంటిని అక్కడికి నడిపిస్తే చాలనుకున్నాడేమో.

ఫిబ్రవరి చివర: చర్చి చుట్టూ ఒక తిరుగుడు

జిగురు ఆరేదాకా ఖాళీ కాబట్టి చర్చికి వెళ్లొచ్చాను. ఈసారి చిత్రం కన్నా కట్టడాన్ని ఎక్కువ చూశాను.

ఇక్కడ మొదట రోమనెస్క్ అనే పాత శైలి గుడి ఉండేది, దాని నేలమాళిగ ఆనవాళ్లు ఇప్పటికీ కింద ఉన్నాయి. ఇప్పుడున్న గోతిక్ శైలి కట్టడం 1425 ప్రాంతంలో మొదలైంది. సల్పీసియస్ వాన్ వోర్స్ట్ మొదలుపెట్టగా, యాన్ కెల్డర్‌మాన్స్, ఆ తర్వాత మతైస్ డి లాయెన్స్ కొనసాగించారు. ఎదురుగా జరీ అంచులా చెక్కిన టౌన్‌హాల్ కూడా లాయెన్స్ పనే. చర్చి లోపల సత్ప్రసాదం భద్రపరిచే రాతి గోపురం 1450లో ఆయనే చేశాడు. ఆవెన్ రాయి అనే మెత్తటి తెల్ల సున్నపురాయిలో పన్నెండు మీటర్ల పైచిలుకు ఎత్తు. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను.

బయటి నుంచి చూస్తే మాత్రం ఏదో వెలితి. పడమటి వైపు శిఖరాలు లేవు. అక్కడ మూడు గోపురాలు లేవాల్సింది, నడిమిది సుమారు 170 మీటర్లు. కట్టి ఉంటే ఆ కాలపు ప్రపంచంలో అంత ఎత్తు కట్టడం ఇంకోటి ఉండేది కాదు. ఆ ప్లాను వేసింది యోస్ట్ మాసైస్, చిత్రకారుడు క్వింటెన్ మాసైస్ సోదరుడు. నేల మెత్తన, బరువు ఆపలేదు. పదహారో శతాబ్దం నడిమికి పని ఆగిపోయింది, లేచినంత మేరలో కూడా కొంత తర్వాత కూలింది. మాసైస్ 1520ల్లో రాతిలో చెక్కిన ఆ గోపురాల నమూనా మాత్రం మిగిలింది. అసలుది లేదు, మోడల్ ఉంది. మోడల్ కట్టేవాళ్లకి ఇంతకన్నా ధైర్యం చెప్పే సంగతి ఇంకేం కావాలి!

మార్చి మొదటి వారం: గోడలు, దూలాలు

ఐదు మిల్లీమీటర్ల ఫోమ్ బోర్డు గోడలకి, బాల్సా పుల్లలు దూలాలకి. పుల్లలకి వాల్‌నట్ రంగు పట్టించి, తడి ఆరకముందే గుడ్డతో తుడిచేస్తే నరాలు పైకి తేలి పాత చెక్కలా కనిపిస్తాయి. హీటర్ దగ్గర ఆరబెట్టిన వెనక గోడ కొద్దిగా విల్లులా వంగింది. వెనక్కి అడ్డంగా రెండు పుల్లలు వేసి లాగాను, నిలబడింది.

నేల పలకల కోసం ఫోటోని కంప్యూటర్లో పర్‌స్పెక్టివ్ తీసేసి పైనుంచి చూసినట్టు చదును చేశాను. ముందు వరుసలు బాగానే వచ్చాయి. బల్ల కిందికి పోయేవి శిష్యుల బట్టల వెనక దాక్కున్నాయి కాబట్టి ముందు వరుసల నమూనానే లోపలికి సాగదీశాను.

బల్ల గుడ్డ గురించి రాయకపోతే మా ఆవిడ ఊరుకోదు. చిత్రంలో తెల్లటి బల్లగుడ్డకి మడతల గీతలు కనిపిస్తాయి, అప్పుడే బీరువాలోంచి తీసి పరిచినట్టు. నేను కాగితంతో చేసి గోళ్లతో గీతలు పెట్టాను. ఆవిడ చూసి "ఇది గుడ్డా, బిల్లు కాగితమా?" అంది. పాత జేబురుమాలు తీసుకుని, అన్నం వార్చిన గంజిలో ముంచి, పిండి, సగం తడి ఉండగానే నాలుగు మడతలు పెట్టి ఇస్త్రీ చేసింది. విప్పి పరిస్తే మడత గీత గట్టిగా నిలబడింది, అంచులు మాత్రం కిందికి వాలాయి. పాలిస్టర్ గుడ్డలకి అలవాటుపడి గంజి ఇస్త్రీ ఎలా ఉంటుందో మర్చిపోయాను. గంజి మరీ చిక్కగా ఉంటే బల్ల మూల దగ్గర గుడ్డ పెళుసుగా విరుగుతుంది కాబట్టి నీళ్లు కలిపి పల్చగా చేసుకోవాలి.

మార్చి నడిమధ్య: రెక్కలు

నడి పలకకి అటూ ఇటూ రెండేసి చొప్పున నాలుగు రెక్క పలకలు ఉన్నాయి. అబ్రాహాముకి మెల్కీసెదెకు అనే రాజు రొట్టె, ద్రాక్షారసం ఇవ్వడం, యూదుల పస్కా పండగ భోజనం, అరణ్యంలో ఆకాశం నుంచి రాలిన మన్నా అనే ఆహారాన్ని ఏరుకోవడం, ఎడారిలో ఏలీయాకి దేవదూత ఆహారం తేవడం. నాలుగూ పాత నిబంధన కథలే, నాలుగింటిలోనూ దేవుడి చేతి తిండే. ప్రొఫెసర్ల పని ఇక్కడ ఇంకా బాగా తెలుస్తుంది. వీటిని గదులుగా కట్టను. ప్రింట్లు తీసి అట్టకి అంటించి, బందులు పెట్టి, తలుపుల్లా తెరుచుకునేలా చేస్తే చాలు.

ఈ రెక్కల ప్రయాణం మాత్రం పెద్ద కథ. పంతొమ్మిదో శతాబ్దంలో ఇవి అమ్ముడుపోయి చివరికి రెండు బెర్లిన్‌కి, రెండు మ్యూనిక్‌కి చేరాయి. నడి పలక ఒక్కటే లూవెన్‌లో మిగిలింది. 1914 ఆగస్టు 25 రాత్రి జర్మన్ సైన్యం లూవెన్‌ని తగలబెట్టింది. విశ్వవిద్యాలయ గ్రంథాలయం బూడిదైంది, ఈ చర్చి పైకప్పు కాలిపోయింది. కడరా భోజనాన్ని కాపాడగలిగారు.

యుద్ధం అయ్యాక 1919 వెర్సాయ్ ఒప్పందంలో 247వ అధికరణ కింద ఈ రెక్కల్ని పేరు పెట్టి మరీ అడిగారు. కాలిన పుస్తకాలకి బదులు పుస్తకాలు ఇవ్వాలి, ఘెంట్‌లోని వాన్ ఐక్ చిత్రం రెక్కలు, బౌట్స్ చిత్రం రెక్కలు తిరిగి ఇవ్వాలి. ప్రపంచ యుద్ధాన్ని ముగించే కాగితంలో ఒక విచారణ (పారిష్) గుడి బొమ్మ గురించి వాక్యం ఉండటం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. రెక్కలు వచ్చి నడి పలకతో కలిశాయి. 1942లో జర్మన్లు మొత్తం చిత్రాన్నే పట్టుకుపోయారు. యుద్ధం చివర్లో అది ఆస్ట్రియాలో ఆల్టౌసే ఉప్పు గనిలో, దాచిన వేలాది కళాఖండాల మధ్య దొరికింది. ఈలోగా 1944 బాంబులు చర్చినీ గాయపరిచాయి.

కాబట్టి రెక్కల బందులు విడదీసి మళ్లీ తగిలించేలా పెట్టాను. పిల్లలు విడదీసి బెర్లిన్ రెండు, మ్యూనిక్ రెండు అని పక్కన పెట్టి, మళ్లీ తెచ్చి కలపాలి. ఏవి ఎక్కడివో వెనక రాశాను: పస్కా, ఏలీయా బెర్లిన్. అబ్రాహాము, మన్నా మ్యూనిక్.

మార్చి చివర: మనుషులు

బొమ్మల్ని మట్టితో చేయాలని ముందు ఆశపడ్డాను కానీ, టైమ్ లేదు. ప్రింటులోంచి కత్తిరించి, వెనక అట్ట ఆనించి, పొరలు పొరలుగా నిలబెట్టాను. లోతు నిజంగా ఉంది కాబట్టి బల్లపరుపు బొమ్మలైనా కన్నంలోంచి బాగానే కుదురుతున్నాయి.

క్రీస్తూ పన్నెండుగురు శిష్యులూ కాక గదిలో ఇంకో నలుగురున్నారు. వంటగది వైపు చిన్న కిటికీలోంచి ఇద్దరు తొంగిచూస్తున్నారు, ఇద్దరు సేవకుల్లా నిలబడ్డారు. వీళ్ల బట్టలు యెరూషలేమువి కావు, బౌట్స్ కాలపు లూవెన్‌వే. బౌట్సూ ఆయన కొడుకులూ అని ఒకప్పుడు అనేవారు. డబ్బిచ్చిన సత్ప్రసాద సభ పెద్దలనే వాదనే నాకు నచ్చుతుంది. మన ఊళ్లో గుడికి ఫ్యాను ఇచ్చినా రెక్కల మీద పేరు రాయించుకుంటారు, ఇంత డబ్బు పోసినవాళ్లు ఒక మూల నిలబడటంలో తప్పేముంది.

వీడియో కాల్‌లో అమ్మకి చూపించాను. అన్నీ చూసి ఒకటే అడిగింది.

"యూదా ఎవడ్రా ఇందులో?"

"కనుక్కో చూద్దాం."

"అందరూ బుద్ధిమంతుల్లానే ఉన్నారు. డబ్బు సంచి కూడా కనపడట్లేదు."

ఎడమ వైపు ఒకడి ముఖం నీడలో ఉంటుంది, ఒక చెయ్యి వీపు వెనక్కి పెట్టుకుని ఉంటాడు. వాడే యూదా, క్రీస్తుని అప్పగించినవాడు. ఫోన్ దగ్గరికి జరిపి చూపిస్తే "పోనీలే, వాడికీ భోజనం పెట్టారుగా" అంది అమ్మ.

బౌట్స్ మనుషులు అందరూ ఇంతే, మొహంలో ఏదీ బయటపడనివ్వరు. ఇదే చర్చిలో ఆయన వేసిన సెయింట్ ఎరాస్మస్ హింస కూడా ఉంది. బతికున్న మనిషి పేగుల్ని కర్ర గిలకకి చుట్టి లాగుతుంటారు, లాగేవాళ్ల ముఖాల్లో మాత్రం బావిలో నీళ్లు తోడుతున్నంత తాపీ. కడరా భోజనం ముందు గంటసేపు నిలబడగలను. అక్కడ నిమిషం కూడా నిలబడలేను.

ఏప్రిల్: ప్రస్తుతం ఎక్కడిదాకా వచ్చిందంటే

ప్రధాన గది అయిపోయింది. ఎడమ కిటికీల వెనక వెచ్చటి ఎల్ఈడీ పట్టీ పెట్టి, ముందు ట్రేసింగ్ పేపర్ అడ్డం వేశాను. దీపం నేరుగా పడితే అట్ట బొమ్మల అంచులు తెల్లగా మెరిసి మోసం బయటపడుతోంది, పేపర్ వేశాక సర్దుకుంది. నీడ యూదా మీదికి తేవడానికి వాడి బొమ్మని కొద్దిగా పక్కకి తిప్పాల్సి వచ్చింది.

పక్క గది వేరే పెట్టెగా ఉంది, రెండో కన్నంతో. రెండు పెట్టెల్నీ చిన్న క్లిప్పులతో కలిపితే పైకప్పు తీసినప్పుడు గోడలు వంకరగా తగులుకుంటాయి. దాన్ని అలాగే వదిలేశాను. నిన్న చూడటానికి వచ్చిన స్నేహితుడి కొడుకు, ఐదో తరగతి, రెండు కన్నాల్లోంచీ చూసి, కప్పు ఎత్తి, కాసేపు తల గోక్కుని, "అంకుల్, ఈ గదిలోంచి ఆ గదిలోకి ఎవరూ నడవలేరు కదా" అన్నాడు. నేను చెప్పాలనుకున్న సగం వాడే చెప్పేశాడు.

ఇంకా మిగిలినవి: పైకప్పుకి వేలాడే దీపాల గుత్తి, రాగి తీగతో చుట్టాలి. రొట్టెలు మైదా ముద్దతో చేసి ఓవెన్‌లో ఆరబెట్టాలి. పాత్ర కోసం పూసల దుకాణంలో తగిన ఇత్తడి మూత వెతకాలి. పెద్దల కోసం పెట్టిన కన్నం పిల్లలకి అందదు కాబట్టి కింద ఒక పీట ఉండాలి. కన్నాన్ని మాత్రం కిందికి దించేది లేదు. ఒక్క అంగుళం దించినా దూలాలు పొయ్యి గూడుని తప్పిపోతాయి.